చివరి చెంచా

మా హోటల్లో ఒక పద్ధతి ఉంది. గిన్నె పొయ్యి మీద నుంచి దిగాక, హాల్లోకి వెళ్ళే ముందు, చివరి చెంచా నేను తినాలి. నేను తలూపితేనే గిన్నె కదులుతుంది. ఉప్పు తక్కువైందని నేనంటే మా అక్క కూడా నోరెత్తదు. హోటలు అక్కది, నాలుక చెల్లెలిది అని తెలిసినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నేను కాస్త పొంగిపోయేదాన్ని. ఎందుకు దాచాలి, బాగానే పొంగిపోయేదాన్ని.

హోటలంటే మహా పెద్దదేమీ కాదు. రోడ్డు మీదకి ఒక గాజు తలుపు, లోపల వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని బల్లలు, వెనక ఒక వంటిల్లు. ఆ వంటింట్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. అక్కా నేనూ వండుతాం. గిన్నెలు తోమే ఆవిణ్ణి అందరం పిన్ని అంటాం. ఆవిడ పనెక్కువ, మాట తక్కువ మనిషి.

అక్క హోటలుకి పేరు తెచ్చింది ఒకే ఒక్క కూర. కోడి ముక్కల్ని మైదాలో దొర్లించి, నూనెలో ఎర్రగా వేయించి, వెన్న, చిన్న ఉల్లిపాయలు, పుట్టగొడుగులు వేసి, సీసాడు ఎర్ర వైన్ పోసి, సన్నటి మంట మీద వదిలేయాలి. ముక్కకి పట్టిన మైదా నెమ్మదిగా కరిగి పులుసు చిక్కబడుతుంది. వైన్ వగరు, వెన్న కమ్మదనం కలిసి, తిన్నవాళ్ళు పళ్ళెం నాకకుండా లేచేవాళ్ళు కాదు.

అలాంటి కూర పక్కన నిలబడి ఉండగానే నాకు గోధుమ పడదని తేలింది. అంతకు ముందు చాలాకాలంగా ఏం తిన్నా కడుపు రాయి కట్టినట్టు ఉబ్బేది. ఒంట్లో రక్తం లేక ముఖం సున్నం కొట్టినట్టు అయింది. మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్మేవి. డాక్టరమ్మ గొంతులోంచి గొట్టం దింపి చూసి, గోధుమలో గ్లూటెన్ అని ఒకటి ఉంటుందని, అది నా పేగుల్ని లోపల్నుంచి గీకేస్తోందని చెప్పింది. దీనికి మందు లేదు, మానడమే మందు అంది. చిటికెడు పిండి కూడా వద్దంది. వంట చేసుకు బతికే దాన్ని వంట రుచి చూడొద్దంటే ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు. ఆస్పత్రి వరండాలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

అక్క మాత్రం ఏడవలేదు. నా పక్కన కూర్చుని, చీర చెంగుతో నా ముక్కు తుడిచి, ఒక్క మాట అంది.

"నిన్ను మార్చలేం కదే. కూరనే మారుద్దాం."

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. జడలు వేసింది, తలంటింది, పెళ్ళి చేసింది. తన కంచంలో ముక్క తీసి నా కంచంలో వేయడం ఆవిడకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. కాబట్టి ఆ మాట విని నేను ఆశ్చర్యపోలేదు. మా అక్క కదా, అలాగే అంటుంది అనుకున్నాను.

ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి నేను ఇంకో కోరిక కోరాను. మా ఆయన వ్యాను నడుపుతారు. ఒకప్పుడు తాగి మా కాపురాన్ని వీధిన పెట్టిన మనిషి, ఎవరెవరి కాళ్ళో పట్టుకుని మాన్పించాం. మానేశారంటే పొద్దున ఒట్టు పెట్టి సాయంత్రానికి గాలికి వదిలేసే మానడం కాదు, నిజంగా మానేశారు. రోజూ మధ్యాహ్నం నన్ను తీసుకెళ్ళడానికి హోటలుకి వస్తారు. వంటింటి గుమ్మం దగ్గర ఆ మరుగుతున్న వాసనకి ఆయన ముఖం మారిపోవడం నేను చూశాను. మరిగితే మద్యం ఎగిరిపోతుందని అందరూ అంటారు గానీ, అంతా పోదని ఆయనకి మానడం నేర్పినవాళ్ళు చెప్పారు. అక్కా, వైన్ కూడా తీసేద్దామా అని అడిగాను. అక్క ఒక్క క్షణం ఆలోచించి సరే అంది. ఈ వంటింట్లోకి గోధుమ రాదు, సీసా రాదు, ఇది నా మాట అంది.

ఇక చూడండి మా పాట్లు. మైదా బదులు బియ్యప్పిండి పట్టిస్తే వేగేటప్పుడు కరకరలాడుతూ బాగానే ఉండేది, పులుసులో పడగానే ముక్క మీద నుంచి చొక్కా విప్పినట్టు జారిపోయేది. మొక్కజొన్న పిండి వేస్తే పులుసు జిగురుజిగురుగా, గోడకి కాగితాలు అంటించుకోవడానికి పనికొచ్చేలా తయారైంది. ఆ రెండూ కలిపి, పట్టించిన ముక్కల్ని కాసేపు ఆరనిచ్చి వేయిస్తే పరవాలేదనిపించింది. సోయా సాసులో కూడా గోధుమ ఉంటుందని తెలిసి, ఆ సీసా తీసి చెత్తబుట్టలో పడేశాను. వైన్ సంగతి ఇంకా పెద్ద రామాయణం. నల్ల ద్రాక్ష రసం పోస్తే దగ్గు మందులా ఉంది. దానిమ్మ రసం కలిపితే పులుపు వచ్చింది గానీ వగరు రాలేదు. చివరికి పాలు పోయని టీ డికాక్షన్, చిక్కగా కాచి, కాస్త యాపిల్ వెనిగర్‌తో కలిపి పోశాను. అంతే, గిన్నెలోంచి పాత వాసన లేచింది.

మా ఆయన ముందు వాసన చూశారు. తర్వాత నా ముఖం చూశారు. తర్వాత భయం భయంగా ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఇది వైన్ కాదని తెలుస్తోంది గానీ ఎందుకు కాదో చెప్పలేకపోతున్నానన్నారు. అక్క పకపకా నవ్వి, మరిదిగారు పాసు చేశారు, ఇంక మనకి అడ్డేముంది అంది. ఆ రోజు ముగ్గురం వంటింట్లో నిలబడే తిన్నాం. నేను అంత సంతోషంగా అన్నం తిన్న రోజు మళ్ళీ లేదు.

గోధుమ లేదు, మద్యం లేదు అని అక్క గాజు తలుపు మీద రాయించింది. మా ఆయనతో పాటు తాగుడు మానేసినవాళ్ళు గురువారం గురువారం ఒక గుంపుగా రావడం మొదలుపెట్టారు. వాళ్ళకి అక్క సోడా సంఘం అని పేరు పెట్టింది. వాళ్ళు ఉడుక్కోకపోగా సోడాలు రెట్టింపు తాగేవాళ్ళు. ఒక నర్సు తన కూతుర్ని తీసుకుని ప్రతి శనివారం వచ్చేది. బడికి వెళ్ళే వయసు పిల్ల, నా జబ్బే దానికీ. బయట ఎక్కడా ఏమీ తినలేని పిల్ల మా దగ్గర కూర్చుని చేతులు ఎర్రగా చేసుకుని తినేది. మనిద్దరిదీ ఒకటే కడుపు కదా ఆంటీ అనేది నాతో. కొత్తగా ఎవరైనా వచ్చి నిజంగా గోధుమ లేదా అని అనుమానంగా అడిగితే, అక్క నన్ను వంటింట్లోంచి పిలిచి చూపించేది. మా చెల్లికి ఆ జబ్బే ఉందండీ, రోజూ ముందు తనే తింటుంది, ఇంకేం హామీ కావాలి మీకు అనేది. నేను తడి చేతులు తుడుచుకుంటూ తలూపేదాన్ని.

కొత్త కూరతో ఒక చిక్కు మాత్రం ఉండేది. పొద్దున బాగానే ఉండేది, మధ్యాహ్నానికి పులుసు విరిగి నీళ్ళు వేరు, చిక్కదనం వేరు అయ్యేవి. పళ్ళేలు సగం సగం తిరిగొచ్చేవి. అక్క ముఖం మాడ్చుకునేది గానీ నన్ను ఒక్క మాట అనేది కాదు. మేం పని పంచుకున్నాం, పులుసులో పోసే రసం నాది, పిండి పట్టించి వేయించడం అక్కది. కొన్నాళ్ళకి ఆవిడ చేతికి కిటుకు దొరికింది. పులుసు విరగడం ఆగిపోయింది, పిండి ముక్కని కౌగిలించుకుని ఉండిపోయింది, పళ్ళేలు ఖాళీగా తిరిగొచ్చాయి. ఏం చేశావక్కా అంటే, ఇంకాసేపు ఎక్కువ ఆరనిస్తున్నానే, అంతే అంది. నేను నమ్మాను. నమ్మడమే కాదు, మా అక్క చేయి పడితే బియ్యప్పిండి కూడా మైదాలా మాట వింటుందని సోడా సంఘం ముందు గొప్పలు పోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

కొన్నాళ్ళు తేరుకున్న నా ఒళ్ళు మళ్ళీ పాత దారి పట్టింది. కడుపు ఉబ్బరం, వాంతులు, నీరసం. డాక్టరమ్మ రక్తం తీయించి చూసి కళ్ళద్దాలు సర్దుకుంది. మీరు ఎక్కడో గోధుమ తింటున్నారు అంది. లేదన్నాను. తింటున్నారు అని మళ్ళీ అంది. ఒంటి కాలి మీద లేచి, నేను అబద్ధమాడే మనిషినా అని అడిగాను. ఆవిడ మెత్తగా, అయితే ఇంకా పెద్దదేదో అనుమానించాలి, మళ్ళీ గొట్టం వేసి చూడాలి, అప్పటికీ తేలకపోతే పిండి ఎగిరే వంటిల్లు మానేయాల్సి వస్తుంది అంది. వంటిల్లు మానేస్తే నేనేంటి? ఇంట్లో కూర్చుని గోడలు చూసే ఒక రోగిష్టి మనిషిని.

మా ఆయన ఒక రోజు నా సంచిలో చేయి పెట్టి బిస్కెట్ల కోసం వెతుకుతుంటే పట్టుకున్నాను. ఒకప్పుడు సీసా కోసం ఆయన జేబులన్నీ తిరగేసిన దాన్ని నేను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వలేక నవ్వాం. ఇంట్లో గరిటెలు మార్చాను, జల్లెడ మార్చాను, పళ్ళపొడిని కూడా అనుమానించి మార్చాను. ఈ భూమ్మీద నేను అనుమానించనిది ఒక్క అక్క చేతి గిన్నెనే. ఆ వంటింటి వెనక సందులో నేను వాంతి చేసుకుంటుంటే నా నుదురు పట్టుకుని వీపు నిమిరింది ఎవరనుకున్నారు? అక్కే. నిమ్మకాయ నీళ్ళు కలిపి తెచ్చి, దిష్టి తగిలిందే నీకు అని బాధపడింది కూడా.

ఆ రోజు శనివారం కాదు, మామూలు మంగళవారం. కూర అప్పుడే దిగింది. నేను చివరి చెంచా తిని, ఉప్పు సరిపోయిందని తలూపి, చెంచా పిన్ని తొట్టిలో వేశాను. అప్పుడే గాజు తలుపు తెరుచుకుని నర్సు, ఆవిడ కూతురు లోపలికొచ్చారు. పిల్లకి బడిలో ఏదో బహుమతి వచ్చిందట, ఏం కావాలంటే మీ కోడికూర కావాలందట. నర్సు నవ్వుతూ చెప్తోంది. పిల్ల నాకు చెయ్యూపింది.

అక్క ముఖంలో రంగు మారింది. గబగబా కౌంటరు దగ్గరికెళ్ళి, అయ్యో, ఇవాళ కోడికూర అయిపోయిందండీ అంది.

నాకు అర్థం కాలేదు. గిన్నె నిండా కూర ఉంది, పైన ఆవిరి కూడా తగ్గలేదు. అక్క మర్చిపోయిందేమో అనుకుని, లోపల్నుంచే ఉందక్కా అని చెప్పి, పళ్ళెం తీసి గరిటె ముంచాను. అక్క పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గరిటెలో పులుసు పొయ్యి మీద ఒలికింది.

"దానికి అది పెట్టకు," అంది గొంతు తగ్గించి.

ఎందుకని అడిగాను. నేను గరిటె చూశాను, గిన్నె చూశాను, ఆవిడ ముఖం చూశాను. ముఖంలో ఉన్నది దొంగతనం కాదు, కంగారు. ఎవరో పసిపిల్ల మంట దగ్గరికి వెళ్తుంటే పట్టుకుని లాగే మనిషి కంగారు.

"ఇందులో మైదా ఉందా అక్కా?"

పిన్ని తొట్టి దగ్గర నీళ్ళు కట్టేసి తలొంచుకుంది. అంటే ఆవిడకీ తెలుసన్నమాట.

అప్పుడు అక్క చెప్పడం మొదలుపెట్టింది, చెప్పక తప్పదు కాబట్టి. పళ్ళేలు తిరిగొస్తుంటే ఒక రోజు గుప్పెడు మైదా కలిపి చూసిందట. పళ్ళేలు ఖాళీ అయ్యాయట. మర్నాడు మానేద్దామనుకుందట. ఆ మర్నాడు రాలేదట. పిండి డబ్బాలోనే కలిపి పెట్టేసిందట, నాకు తెలియకుండా ఉండాలని. గుప్పెడు పిండి అంత పెద్ద గిన్నెలో ఏపాటిదే, నీకు దొరికేది ఒక్క చెంచానే కదే అంది. చిన్నప్పటినుంచీ రొట్టె తిని పెరిగినదానివి, ఉన్నట్టుండి పడకపోవడమేంటో నాకు అంతగా నమ్మకం కుదరలేదే అని కూడా అంది.

మండిపోతున్నా, ఆ మాట దగ్గర నేను కాస్త ఆగాను. నమ్మలేదంటే ఏదో ఒక దారి ఉంటుంది. చదువులేక, తెలియక, పాతకాలపు మొండితనంతో చేసిందనుకోవచ్చు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి చెప్పించవచ్చు. తిట్టుకుని, ఏడ్చుకుని, మళ్ళీ కలిసి వండుకోవచ్చు. నేను ఆ దారి పట్టుకుని వేలాడబోయాను. ఇంతలో హాల్లోంచి పిల్ల నవ్వు వినిపించింది, నా నోట్లోంచి ఇంకో ప్రశ్న వచ్చేసింది.

"మరి ఇన్ని శనివారాలు ఆ పిల్ల తిన్నది?"

"దానిది వేరే గిన్నె," అంది అక్క వెంటనే. ఆ జవాబులో తడబాటు లేదు, కాస్త గర్వం కూడా ఉంది. "దాని పిండి వేరే పొట్లం. నూనె కూడా వేరే. శనివారం నువ్వు రాకముందే పొద్దున్నే వచ్చి ముందు దానికి వండి పక్కన పెడతా. దానికేమైనా అయితే వాళ్ళమ్మ ఊరుకుంటుందా?"

నేను గోడకి ఆనుకున్నాను. నూనె కూడా వేరే. నూనె కూడా వేరేగా పెట్టాలని తెలిసిన మనిషి నా జబ్బు నమ్మలేదా? నాకంటే బాగా నమ్మింది. వైన్ సంగతీ అప్పుడే వెలిగింది నాకు. ఇన్నాళ్ళలో ఒక్క చుక్క వైన్ కూడా ఆ గిన్నెలో పడలేదు. మా ఆయన మళ్ళీ మొదలుపెడితే హోటలు అద్దాలు మిగలవని ఆవిడకి తెలుసు. నర్సు ఊరుకోదని తెలుసు. భయమున్న ప్రతి చోటా మా అక్క ఇచ్చిన మాట నిలబెట్టుకుంది.

"మరి నేను ఊరుకుంటాననా?"

అక్క నా చెంప మీద చేయి వేసింది. దాంట్లో కపటం లేదు, అదే నన్ను చంపింది.

"నువ్వు నా చెల్లివి కదే," అంది.

నేను ఆ చేయి తీసేశాను. గరిటె పక్కన పెట్టి హాల్లోకి వెళ్ళి నర్సు ముందు నిలబడ్డాను. కూర అయిపోలేదండీ, అందులో మైదా ఉంది, మీ పాపకి వద్దు అని చెప్పాను. ఆవిడ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఇన్నాళ్ళూ పాప తిన్నదో అని ఆవిడ అడిగేలోపే, పాపకి మా అక్క మొదటినుంచీ వేరే గిన్నెలో, వేరే నూనెలో వండిందని, ఏ భయమూ అక్కర్లేదని చెప్పాను. అది చెప్పాలి కాబట్టి చెప్పాను. పసిపిల్ల కడుపు గురించి తల్లి నిద్ర మానుకోకూడదు.

నర్సు గుండెల మీద చేయి పెట్టుకుని ఊపిరి వదిలింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి ఆవిడకి. నా వెనకే వచ్చి నిలబడ్డ అక్క రెండు చేతులూ పట్టుకుని, మా పాప కోసం ఇంత చేశారా, సొంతవాళ్ళు కూడా చేయరండీ అంది. అక్క తల దించుకుని, పసిపిల్ల కదండీ, ఆ మాత్రం చూసుకోమా అంది. మర్యాదగా, మామూలుగా అంది. బల్లల దగ్గరున్న వాళ్ళు అక్కవైపు మెచ్చుకోలుగా చూశారు.

పిల్ల మాత్రం నన్నే చూస్తోంది. నా చేయి పట్టుకుని లాగింది.

"మరి మీ గిన్నె ఏది ఆంటీ?"

నర్సు నవ్వబోయి ఆగిపోయింది. ఆవిడ చదువుకున్న మనిషి, ఆలోచన అప్పుడు అందింది ఆవిడకి. అక్క చేతుల్ని నెమ్మదిగా వదిలేసింది. నేను జవాబు కోసం అక్కవైపు చూశాను. నిజంగానే చూశాను, ఆవిడ దగ్గర ఏదైనా ఉంటుందేమోనని. అక్క కౌంటరు మీద లేని మరకేదో తుడుస్తోంది.

నేను నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి కుర్చీ మీద వేసి, గాజు తలుపు తోసుకుని రోడ్డు మీదకి వచ్చాను. ఎండ కళ్ళలో పడింది. తలుపు మూసుకునేలోపు వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. పొద్దున్నించీ ఏమీ తినలేదు, ఇంత తిని వెళ్ళవే అంటోంది.